ఒట్టావాకు నాలుగున్నర గంటలు

ఉత్తర కెనడా మంచుసీమలోని మా ఇకాలుయిట్ నుంచి దక్షిణాన ఒట్టావాకు రెండు వేల వంద కిలోమీటర్లు. మా చిన్న విమానానికి నాలుగున్నర గంటలు. మా ఇంట్లో కాలేజీ చదువు పూర్తిచేసింది నేనొక్కదాన్నే. రోగులను తీసుకెళ్లే విమానాల ఆఫీసులో రెండేళ్లుగా ఈ లెక్కలే నా పని. అందుకే ఆ ఉదయం ఆస్పత్రిలో డాక్టరు ఎంతసేపు పడుతుందని అడగ్గానే తడుముకోకుండా చెప్పేశాను.

మంచం మీద లీసీ. మంచుబండి బోల్తాపడి ఆమె కాలేయం చీలింది. లోపల రక్తం కారుతోంది.

"ఇక్కడా కోయగలను. కానీ రక్తం నాలుగు సంచులే ఉంది. ఆరు గంటల్లో ఒట్టావా చేరేటట్టయితే పంపడమే మేలు," అన్నాడు డాక్టరు. ఆయన దక్షిణం నుంచి వచ్చి పదిరోజులే అయింది.

లీసీ తల్లి ఊలూసీ నా వైపు తిరిగింది. ఆమె తల్లి పోయిన ఏడాదే నేను పుట్టాను. కౌనాక్ అన్న ఆవిడ పేరే నాకు పెట్టారు. పేరుతో పాటు పోయినవాళ్లూ తిరిగి వస్తారని మావాళ్ల నమ్మకం. అందుకే డెబ్బై ఏళ్ల ఊలూసీ నన్ను అమ్మా అంటుంది. నేను కూతురా అంటాను.

"నీ మనవరాలి ప్రాణం. సరిగ్గా చెప్పమ్మా, నాలుగున్నరేనా?"

"నాలుగున్నరే కూతురా."

"పోయినసారి నీకు గడియారం చూడ్డమే రాదు. చర్చి గంట కొడితేనే ఆదివారం. ఈసారి చదువుకున్న అమ్మవి," అని నవ్వి, డాక్టరుతో "పంపండి," అంది.

కాగితాలన్నీ నింపి ఆఫీసుకు ఫోన్ చేసేసరికి గంట పట్టింది. నాతో పనిచేసే జోవానాసీ ఎత్తాడు.

"విమానం సిద్ధం చేయి, వస్తున్నాం."

"ఏ విమానం? ఒకటి పైన పాండ్ ఇన్లెట్ ఊళ్లో తుపానుకు చిక్కింది. రెండోది ఒట్టావాలో ఉంది. ఎదురుగాలి, ఇక్కడికి రావడానికే ఐదు గంటలు. పొద్దున ఆఫీసులో విమానాల బోర్డు చూడలేదా కౌనాక్?"

చూడలేదు. ఇంటి నుంచి నేరుగా ఆస్పత్రికే పరుగెత్తాను. ఐదు, ఇంధనానికి ఒకటి, మళ్లీ నాలుగున్నర. పదిన్నర గంటలు.

వెనక్కి వచ్చేసరికి, ప్రయాణానికి తట్టుకోవాలని లీసీకి రెండు సంచులు ఎక్కించేశారు.

"కూతురా, తప్పు చెప్పాను. విమానం ఎక్కడుందో కనుక్కోకుండా చెప్పాను. పదిన్నర పడుతుంది."

డాక్టరు మిగిలిన రెండు సంచుల వైపు చూశాడు. "ప్రాణం అంతసేపు ఆగదు. కోయాలన్నా ఇదే రక్తం. ఏ సంగతో ఇప్పుడే చెప్పండి."

ఊలూసీ కూతురి పాదాలు పట్టుకుని కూర్చుంది. "అమ్మవు నువ్వు. నువ్వే చెప్పు."

"ఇక్కడే కోయండి," అన్నాను. డాక్టరుకు వినపడక మళ్లీ చెప్పించుకున్నాడు.

తలుపు మూశారు. అరగంటకే నర్సు బయటికి వచ్చింది. ఆఖరి సంచి ఎక్కుతోందట. ఊరి రేడియోకు ఫోన్ చేసి, ఓ నెగెటివ్ రక్తం ఉన్నవాళ్లెవరున్నా రమ్మని చెప్పించమంది.

"ఎంతసేపట్లో రావాలని అడుగుతారు. ఏం చెప్పను?" అన్నాను.

నర్సు ఊలూసీ వైపు ఒకసారి చూసి, "ఆ సంచి అయిపోయేలోగా," అని లోపలికి వెళ్లిపోయింది.