బొమ్మలో పడని నవ్వు

"నేను కళ్ళు మూసుకోని ఫోటో ఒక్కటైనా దొరికిందా?" అంటూ భర్త రాయ్ వచ్చి, ఐలీ మోచేతి పక్కన కాఫీ కప్పు పెట్టాడు. తనకోసమే తెచ్చాడనుకుని ఐలీ చెయ్యి చాచింది. కప్పు ఖాళీగా ఉంది. నింపమని పెట్టాడు.

ఆమె లేచి, నింపి ఇచ్చి, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వారం రోజులుగా ఇదే పని. ఊళ్ళో మంచు మీద హాకీ ఆడే ఐస్ రింక్‌కి, ఇంటిపేరుతో సహా 'రాయ్ మట్టిలా' అని అతని పేరు పెడుతున్నారు. గనిలో ఉద్యోగం చేస్తూనే ఊరి మగపిల్లలకి ఏళ్ళ తరబడి హాకీ నేర్పాడని, ముందు హాలు గోడ నిండా అతని ఫోటోలు పెడతామన్నారు క్లబ్బు వాళ్ళు. తీరా చూస్తే ఎవరి దగ్గరా ఫోటోలు లేవు. ఉన్నవల్లా నేలమాళిగలో అట్టపెట్టెల నిండా వీడియో టేపులు. అన్నీ ఐలీ తీసినవే. తప్పెక్కడ జరిగిందో తర్వాత పిల్లలకి చూపించడానికి ప్రతి ఆటా తీయమనేవాడు రాయ్. "ఆట తియ్యి, మొహాలు తియ్యకు" అనేవాడు. చలికి చెయ్యి కొంకర్లు పోతున్నా, చెక్క మెట్ల మీద ఆఖరి వరుసలో నిలబడి తీసేది.

ఆ టేపులన్నిటినీ కొడుకు ఎరిక్ కంప్యూటర్‌లోకి ఎక్కించి తెచ్చాడు. వాటిలోంచి ఫోటోలు ఎలా తీయాలో కూడా చూపించాడు. "ఇక్కడ ఆపు. ఈ బాణం నొక్కితే ఒక్కో బొమ్మా ముందుకు జరుగుతుంది. బాగున్న చోట ఇది నొక్కు, ఫోటో అయిపోతుంది. సౌండ్ తీసేసి చూడమ్మా, అరుపులు తప్ప ఏముంటాయి అందులో" అన్నాడు.

అన్నంత తేలిక కాదు. కదిలే మనిషిని ఆపితే మనిషి మిగలడు. చెయ్యి ఉండాల్సిన చోట దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి, మొహం ఉండాల్సిన చోట మసక. రాయ్ ఒక్క క్షణం కుదురుగా నిలబడిన మనిషి కాదు. ఎక్కడ ఆపినా నోరు తెరుచుకునే ఉంటుంది, కళ్ళు మూసుకునే ఉంటాయి. రిఫరీ ఈల వేసి ఆట ఆపినప్పుడు మాత్రం అందరూ ఒక్కసారి బిగుసుకుపోతారు. ఆ సందులో దొరకపుచ్చుకోవాలి. అలా దొరికిన వాటిని రాయ్‌కి చూపిస్తే, ఒకదాంట్లో పొట్ట కనబడుతోందనీ, ఒకదాంట్లో టోపీ బాగోలేదనీ అనేవాడు. ఐలీ చూపు మాత్రం పదే పదే పిల్లల జెర్సీల మీదికే పోయేది. ఎంత తెల్లగా ఉన్నాయో! జట్టు మొత్తం చెమట జెర్సీలనీ నేలమాళిగలో ఉతికి, తాళ్ళ మీద ఆరేసి, చిరుగులు కుట్టింది తనే. పొద్దంతా బడి వంటగదిలో పెద్ద పెద్ద గిన్నెలు తోమి వచ్చి, సాయంత్రం ఆ ఉతుకుడు. గోడ మీదికెక్కే ఆ తెలుపుని చూసి, ఇది ఎవరు ఉతికారని ఎవరడుగుతారు? ఫోటోల కింద 'మట్టిలా కుటుంబ సౌజన్యం' అని వేస్తారట. కుటుంబమంటే ఎవరో ఎవరికి వాళ్ళు అనుకోవచ్చు.

గురువారం మధ్యాహ్నం రాయ్ జుట్టు కత్తిరించుకోడానికని బజారుకి వెళ్ళాడు. ఐలీ బాగా పాత టేపు ఒకటి చూస్తోంది. ఆట బాగానే నడుస్తుండగా ఉన్నట్టుండి బొమ్మ ఎగిరిపడింది. పైకప్పు దీపాలు, ఇనప దూలాలు, ఎవరిదో ఎర్రటి ఉన్ని చేతి తొడుగు, మంచు అంటుకున్న బూటు. ఆ బూటు తనదే. కెమెరా పడిపోయిందా ఏమిటి? గుర్తు రాలేదు. వెనక్కి జరిపి, మొదటిసారిగా సౌండ్ పెట్టింది.

నవ్వు. గది అదిరేంత నవ్వు. ఎవరిదో అనుకుంది ముందు.

"మీ ఆయన నోరు చూడవే ఐలీ! పళ్ళ డాక్టర్ దగ్గర తెరిచినట్టు!" అంటోంది ఒక గొంతు. అది జాయిస్. పక్కవీధిలో ఉండేది. ఆ నవ్వుతున్నది తను. కడుపు పట్టుకుని, ఊపిరందక, మధ్యలో గుర్రుమంటూ నవ్వుతోంది ముప్పై ఒక్కేళ్ళ ఐలీ.

కెమెరా మళ్ళీ ఆట మీదికి తిరిగింది. ఇప్పుడు తన గొంతు మాట్లాడుతోంది. "వెనక్కివ్వరా, వెనక్కి! ఖాళీగా ఉన్నాడు చూడు వాడు! అబ్బా, నేనుంటేనా..."

"ఉంటే ఏం చేసేదానివి?"

"నీకు తెలీదు జాయిస్. మా సరస్సు మీద మా అన్నలు ముగ్గురూ కలిసినా నన్ను పట్టుకోలేకపోయేవాళ్ళు. వాళ్ళని టీములో చేర్చి, పన్నెండేళ్ళు రాగానే నాకు మాత్రం తెల్ల స్కేట్లు కొనిచ్చారు, అందంగా గుండ్రంగా తిరగమని. వాటిని పడవ కింద దాచేశా."

"అయితే ఆదివారం రా. ఆడవాళ్ళం కొంతమందిమి ఆడుతున్నాం. కుడివైపు ఆడే మనిషి లేదు మాకు."

కాసేపు కర్రల చప్పుడు, పిల్లల కేకలు. ఆ తర్వాత తన గొంతే, మెల్లగా, చిన్నపిల్ల బొమ్మ అడిగినట్టు: "వస్తా. ఒట్టు, వస్తా. స్కేట్లు కొనుక్కుంటా, నల్లవి, హాకీవి."

ఐలీ ఆ చోటునే మళ్ళీ మళ్ళీ విన్నది. ఆ మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది. ఒక్క ఫోటో. బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో బొమ్మా జరిపింది. దీపం, దూలం, ఎర్ర తొడుగు, బూటు. మళ్ళీ వెనక్కి. తొడుగు, దూలం, దీపం. ఎంత ఆపినా ఆ నవ్వు ఏ బొమ్మలోనూ పడలేదు. ఆపిన ప్రతిసారీ గది నిశ్శబ్దమైపోయేది. వదిలితేనే వినిపించేది. నిన్నటిదాకా తను ఆ రింక్‌లో గడిపిన చలికాలాలన్నిటిలోంచీ భర్తని ఏరి తీసింది. తనని తీసుకుందామంటే చేతికి రావడం లేదు. చనిపోయినవాళ్ళ కోసం ఏడ్చింది గానీ, బతికుండగానే ఇలా ఎవరో దూరమైపోయినట్టు, ఆ మనిషి పక్కన ఒక్క సాయంత్రం ఆ చలి మెట్ల మీద కూర్చుంటే చాలన్నట్టు ఎన్నడూ అనిపించలేదు. చివరికి దీపాలూ ఎర్ర మరకా ఉన్న ఒక బొమ్మని దాచింది.

అప్పట్లో ఆ టేపు ఇంట్లో వేసి చూసిన రోజు ఇప్పుడు గుర్తొచ్చింది. నేలమాళిగలో రాయ్, అతని స్నేహితులు బీరు తాగుతూ కూర్చున్నారు. నవ్వు వినబడగానే అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. "ఆట నేర్పడానికి తీస్తున్నాం, పెళ్ళాల కబుర్లకి కాదు" అన్నాడు రాయ్. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు హిల్మా బంగాళాదుంపలు వడ్డిస్తూ, "రింకంతా వినబడేలా ఆ నవ్వేంటమ్మాయ్! మీవాళ్ళలో అందరూ అంతేనా?" అంది. ఆ ఆదివారమే జట్టు విరాళాల కోసం అట్లు పోసి అమ్మాల్సి వచ్చింది. తర్వాతి ఆదివారం జెర్సీలు. ఆ తర్వాత ఎరిక్‌కి జ్వరం. ఆడొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే వాళ్ళకి రాలేదు.

మిగిలిన టేపుల్ని సౌండ్ పెట్టి వరసగా విన్నది. రెండో ఏడు గొంతు గుసగుస. మూడో ఏడు దగ్గు, ముక్కు ఎగబీల్చడం. ఆ తర్వాతి టేపుల్లో వెనకాల మనిషే లేనట్టుంది. కెమెరా దానంతటదే నిలబడి తీసినట్టు, ఎంత కుదురుగా వచ్చాయో బొమ్మలు.

రాయ్ తిరిగొచ్చి తెర మీదికి వంగాడు. "ఇదేంటి, దీపాలు? పాడైంది, తీసెయ్."

"ఉండనీ" అంది ఐలీ.

మర్నాడు జాయిస్‌కి ఫోన్ చేసింది. భర్త పోయాక ఆమె డులూత్ పట్నం వెళ్ళిపోయింది. క్రిస్మస్ కార్డులు తప్ప మాటల్లేవు.

"ఐలీనా? ఓసి నీ! బతికే ఉన్నావటే!"

"జాయిస్, నువ్వింకా ఆడుతున్నావా?"

"మోకాలు మార్చారు. అయినా గోల్‌లో నిలబడతా. పరిగెత్తక్కర్లేదుగా, అడ్డంగా ఉంటే చాలు. ఇంత లావు అడ్డం ఇంకెవరికి దొరుకుతుంది? ఎందుకు?"

"నాకు అరవై ఆరు. స్కేట్లు వేసుకుని ఎన్నేళ్ళయిందో."

"మా జట్టులో చిన్నపిల్లవి నువ్వు. డొరొతీకి డెబ్భై తొమ్మిది. ఇక్కడే స్కేట్లు ఇస్తారు, వచ్చెయ్. కానీ రేపు శనివారమే ఆఖరు. ఆ తర్వాత మంచు కరిగించేస్తారు, మళ్ళీ అక్టోబరే."

ఊళ్ళో రింక్‌కి పేరు పెట్టే సభ కూడా శనివారమే. అక్టోబర్ దాకా ఆగితే ఏం పోయింది అని ఐలీ అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఏళ్ళుగా అలవాటైన మాట అది. "ఎన్నింటికి?" అని అడిగింది.

శనివారం పొద్దున వంటగదిలో మీద బట్టవేసిన ట్రేలు వరసగా ఉన్నాయి. రాత్రికే యాలకుల రొట్టె చేసి, కోసి సర్దింది. రాయ్ కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. గడ్డం దగ్గర చిన్నగా తెగింది. వయసు మీద పడ్డ మనిషి, సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం చూసి ఆమెకి మనసు కాస్త లాగింది కూడా. దగ్గరికెళ్ళి అతని కాలరు సర్దింది.

"కాఫీ డ్రమ్ము కారులో పెట్టావా? ఉపన్యాసాలన్నీ నువ్వే వీడియో తియ్యి. నీకు చెయ్యి తిరిగింది కదా."

"కాఫీ ఎరిక్ తీసుకెళ్తాడు. వీడియో కూడా వాడే తీస్తాడు, చెప్పాను." ఐలీ తలుపు పక్క కొక్కేనికున్న మందపాటి కోటు అందుకుంది. "నేను డులూత్ వెళ్తున్నా రాయ్. సాయంత్రానికి వస్తా."

అతను గుండీ దగ్గరే ఆగిపోయాడు. "ఇవాళా? రింక్‌కి నా పేరు పెడుతుంటే? ఊరంతా వస్తున్నారు. నువ్వెక్కడంటే ఏం చెప్పను? అంత కొంపలు మునిగే పనేముంది అక్కడ?"

"ఆట ఉంది."

"ఎవరి ఆట?" అన్నాడు రాయ్, మనవళ్ళలో ఎవరిదైనా తను మర్చిపోయానేమోనని నుదురు ముడేసి.

"నాది."