కుడివైపు చప్పుడు

మూడో స్పీడ్‌బ్రేకర్ దాటాక కొమురెల్లి కారును వెనక్కి తిప్పి, మళ్ళీ దాని మీదికే పోనిచ్చాడు. టక్‌మంది. కుడివైపే. అనుమానం లేదు.

నాచారం పారిశ్రామికవాడలోని ఆ రోడ్డు మీద ముప్పయ్యేళ్ళుగా ఎవరెవరి కార్లలోనో ఒకే కిలోమీటరు పోయి వస్తున్నాడు అతను. అద్దాలు దించి, రేడియో ఆపించి, మెడ కాస్త వంచి కూర్చుంటాడు. యాభై ఎనిమిదేళ్ళ మెకానిక్. చేతుల మీద నరాలు తాళ్ళలా లేచి ఉంటాయి, గోళ్ళ అంచుల్లోని నలుపు ఏ సబ్బుకీ వదలదు. గుంతలో పడ్డ చక్రం చేసే చప్పుడును బట్టి కింద ఏది అరిగిందో చెప్పేస్తాడని ఉప్పల్ దాకా పేరు. తక్కువలో పని కానివ్వాలనుకునేవాళ్ళు అందుకే అతన్ని వెతుక్కుంటూ వస్తారు. అతను చెప్పిన విడిభాగం ఒక్కటి మారిస్తే చాలు, మిగతావి ముట్టుకోనక్కర్లేదు.

కారు యజమాని ఉమాపతి ఎడమ సీట్లో కూర్చున్నాడు. సొంతూరు తెనాలి, ప్రభుత్వ పరిశోధనాశాలలో చేసి రిటైరయ్యాడు. పదమూడేళ్ళ కారు. అపార్ట్‌మెంట్‌లో ఎవరో తమ పెద్ద కారుకు తీసేసిన టైర్లు చవగ్గా ఇస్తామంటే వేయించుకున్నాడు. అప్పట్నుంచీ మలుపులో గరగర, గతుకులో టక్‌టక్.

గరగర సంగతి పొద్దున్నే తేలింది. కొమురెల్లి స్టీరింగు పూర్తిగా తిప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద నున్నగా మెరుస్తున్న గీత చూపించాడు.

"టైరు ఏలెడు ఎడల్పు ఎక్కువున్నది సార్. గీకుతున్నది. పాత టైర్ల దుకాణంల ఇవి ఇచ్చి మీ సైజువి ఏస్కోన్రి. కొత్తయి అక్కర్లే."

టక్‌టక్ మాత్రం తేలలేదు. కుడి చక్రం వెనకున్న లింక్ రాడ్డు మార్చాడు. పోలేదు. అటువైపు బోల్టులన్నీ విప్పి బిగించాడు. పోలేదు. తీసిన రాడ్డును చేతిలో తిప్పి చూస్తే ఎక్కడా వదులు లేదు. బాగున్నదాన్ని ఎందుకు విప్పాడో అతనికే అర్థం కాలేదు. అందుకే ఇంకోసారి రోడ్డెక్కాడు.

వెనక్కి వస్తుంటే ఎడమ నుంచి ఒక బైకువాడు దూసుకొచ్చి, కారు అద్దం మీద చరిచి, నోరంతా తెరిచి తిట్టి పోయాడు.

"హారన్ గొట్టొద్దా?" అన్నాడు కొమురెల్లి.

ఉమాపతి అతని వంక వింతగా చూశాడు.

షెడ్డులోకి కారును రివర్సులో పెట్టడానికి కొమురెల్లి మెడ వెనక్కి తిప్పాడు. ముందు చక్రాలు వాకిట్లోని మోరీ కాలువ మీది బండను ఎక్కాయి. టక్. ఎడమవైపు!

ఆపాడు. ముందుకు చూస్తూ అదే బండ మీద నుంచి దించాడు. కుడివైపు. మళ్ళీ వెనక్కి చూస్తూ ఎక్కించాడు. ఎడమవైపు. తల ఎటు తిప్పితే చప్పుడు అటు పోతోంది. మనిషి తలతోపాటు తిరిగే ముక్క కారులో ఏముంది?

ఇంజను ఆపాడు. తర్వాత ఎడమ చెవిలో వేలు పెట్టుకున్నాడు. ఏమీ మారలేదు. ఆ వేలు తీసి కుడి చెవిలో పెట్టుకున్నాడు. లారీలు, వెల్డింగు, లోపల కంప్రెసరు, అన్నీ ఆగిపోయాయి. పక్కన ఉమాపతి పెదవులు మాత్రం కదులుతున్నాయి. కొమురెల్లి వేలు తీసి, అతని వైపు పూర్తిగా తిరిగాడు.

"...పొద్దుట్నుంచీ ఎడమ పక్కేనని చెబుతూనే ఉన్నానయ్యా. నువ్వు పలకవు. నా మాటంటే లెక్కలేదేమో అనుకున్నాను. ఆ బైకతను కూడా అంతసేపు హారన్ కొట్టాడు."

"ఇనవడలే సార్," అన్నాడు కొమురెల్లి.

దిగి, ఎడమ చక్రం పక్కన చతికిలబడ్డాడు. "సార్, జర బానెట్ మీద చేతులువెట్టి ఊపున్రి." లోపలికి చెయ్యి పోనిచ్చి, లింక్ రాడ్డును గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కారు ఊగినప్పుడల్లా అరచేతిలో చిన్నగా ఏదో కొట్టుకుంది. దొరికింది. కుడివైపు నుంచి తీసిన మంచి రాడ్డునే అక్కడ బిగించాడు.

ఈసారి ఉమాపతే నడిపాడు. మూడు స్పీడ్‌బ్రేకర్లూ దాటాక, "పోయిందయ్యా!" అన్నాడు.

నిజంగానే పోయిందా, తనకే వినపడలేదా? కొమురెల్లికి తెలియలేదు. "పోయిందా సార్?" అని ఇంకోసారి అడిగి చెప్పించుకున్నాడు.

సాయంత్రం షెడ్డు యజమాని మహిపాల్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. మహిపాల్ తండ్రి పనిలో పెట్టుకున్న మనిషి అతను.

"రేపటి సంది రాను మహిపాల్."

"ఏమైంది మామా? నేనేమన్న అన్ననా?"

"నువ్వేం అనలే. అన్నా నాకు ఇనవడది. ఎడమ చెవి పోయింది."

"దవాఖానల సూపిద్దాం. మిషిన్ వెడ్తరు. గంత మాత్రానికే పని ఇడుస్తవా?"

"సూపించుకుంట. గని మంది కార్లు రోడ్డు మీద నడపను. ఇయ్యాల ఒక పోరడు జరంతల తప్పిండు."

మహిపాల్ ఇంకా ఏదో అన్నాడు. కొమురెల్లి అప్పటికే తిరిగి నడుస్తున్నాడు.

పీర్జాదిగూడలో ఇల్లు చేరేదాకా ఒకటే ఆలోచన. ఎప్పుడు పోయింది? నిన్ననా, పోయిన వానాకాలమా? గుర్తు పట్టే దారే లేదు. కొన్ని నెలలుగా భార్య లక్ష్మీనర్సమ్మ తనతో మాట్లాడడం తగ్గించిందని అనుకుంటున్నాడు. దేనికి అలిగిందో అడగకుండా తనూ బిగుసుకుపోయాడు. ఆమె రోజూ అన్నానికి కూర్చునేది అతని ఎడమ పక్కన.

ఆ రాత్రి కంచం ఎత్తుకుని, ఆమెను చుట్టి పోయి అవతలి పక్కన కూర్చున్నాడు.

"ఏంది, గిటొచ్చి కూసున్నవ్?"

"మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న."

మర్నాడు మహిపాల్ ఒక్కడే షెడ్డు తెరిచాడు. కార్ల కింద దూరేటప్పుడు కొమురెల్లి పరుచుకునే పాత ఫ్లెక్సీ నేల మీదే ఉంది. ఎవరిదో పెండ్లిది. పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఎప్పుడో చెరిగిపోయి, వాళ్ళున్న చోట భుజాల నుంచి నడుము దాకా మనిషి వీపంత నల్లటి మరక మిగిలింది.