కోసేసిన మూడో దూలం

మా ఆయన క్లెమెంట్ బుర్రలో ఏదైనా దూరిందంటే ఇక బయటికి రాదు. సగం వంటిల్లు మింగేసిన ఇటుకల పొగగొట్టాన్ని ఆ రోజు పడగొట్టి తీరాలన్నాడు. నిప్పార్పి గునపం పట్టాడు. దుమ్ము పడకముందే ఆపిల్ పళ్ళు దించుదామని నేను అటక ఎక్కాను.

అటక నిండా ఏనాటిదో మసి. ఇంగ్లండులో మా ష్రాప్‌షైర్ వైపు పాత రైతుల ఇళ్ళన్నీ మొదట్లో ఒకటే సావిడి. నడుమ నేల మీద మంట, పొగంతా కప్పులోకి. పొగగొట్టం, మేడగది తర్వాత వచ్చినవి. దూలాలను ముందు నేల మీద అమర్చుకుని, ఏది ఎక్కడిదో తెలిసేలా గీతలు చెక్కి, అప్పుడు పైకెత్తేవాళ్ళు. వడ్రంగి కూతుర్ని, ఆ మాత్రం తెలుసు. రెండు గీతల దూలం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. మూడు గీతలది మాత్రం మధ్యలో తెగి ఉంది! పొగగొట్టం కట్టిన మహానుభావుడెవడో అడ్డొచ్చిందని కోసేసి, కొసను ఇటుకల మీద ఆనించి చేతులు దులుపుకున్నాడు. అంటే కప్పు బరువంతా ఆ పొగగొట్టం మీదే.

"క్లెమెంట్! ఆపు!"

గునపం చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది? నా కళ్ళ ముందే దూలం కొస కిందికి జారింది. సరిగ్గా దాని కిందే, మేడగదిలో, మా అత్తగారు డోర్కాస్ మంచం. వెచ్చగా ఉంటుందని పొగగొట్టం పక్కనే వేయించుకుంది.

నిచ్చెన దిగి ఆవిడ గదిలోకి పరుగెత్తాను. "అత్తయ్యా, లేవండి! కప్పు కూలుతోంది!"

"కూలుతుందమ్మా, ఎందుకు కూలదు! కాపురానికొచ్చిన రోజు నుంచీ ఈ గది మీదే నీ కన్ను," అంటూ దుప్పటి ముసుగు లాక్కుంది.

పైనుంచి మట్టి రాలింది. మోసుకెళ్దామంటే ఆవిడ నాకు రెండింతలు.

"అవును, నా కన్నే! మీ అబ్బాయి ఈ గది నాకిచ్చేశాడు. ఇవాళ్టి నుంచి మీ పక్క పాలగదిలో!"

"వాడి మొహం! అంత మాటన్నాడా?"

చేతికర్ర అందుకుని, నన్ను తోసుకుని, మెట్లు దిగి వాకిట్లో నిలబడింది. "ఒరేయ్ క్లెమెంట్! బయటికి రారా!"

తల్లి గొంతు మాత్రం వినిపించింది. ఒళ్ళంతా దుమ్ముతో బయటికొచ్చాడు. ఆవిడ కర్ర ఎత్తేలోపే లోపల ధనేల్మని కూలింది.

దుమ్ము అణిగాక మెట్ల మీంచే చూశాం. మంచం రెండుగా విరిగింది. దిండు మీద దూలం, మూడు గీతలూ పైకి కనిపిస్తూ.

"గది ఇచ్చాడన్నావ్. అబద్ధమేనా?" అంది అత్తగారు.

"అబద్ధమే, అత్తయ్యా."

"సిగ్గులేనిదానా," అంటూ నా చెయ్యి పట్టుకుంది. చీకటి పడేదాకా వదల్లేదు.