ఎర్ర కాగితాలు

కుడి చేతిలో ఎర్ర కాగితం, ఎడమ చేతిలో తెల్ల కాగితం పట్టుకుని తిమ్మప్ప బండల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆరేళ్ళ కూతురు అఖిల. ఆ పిల్ల వెనకాల, కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, భార్య రేణుక. బయట పొయ్యి మీద ఎసరు కాగుతోంది. చేనుకు వెళ్ళడానికి ఇంకా అరగంట ఉంది.

అఖిల తండ్రి మొహం చూడదు. అతని చెవి పక్కగా, గోడకు ఉన్న మేకును చూస్తుంది. చూపు ఎక్కడున్నా చెయ్యి మాత్రం మెల్లగా వచ్చి ఎర్ర కాగితాన్నే పట్టుకుంది. పట్టుకుని, పక్కనున్న రేకు డబ్బాలో వేసి, అరచెయ్యి చాపింది.

"ఎర్ర," అంది.

"శబాష్ బిడ్డా!" అని తిమ్మప్ప ఆ అరచేతిలో ఉఫ్‌మని ఊదాడు. అఖిల భుజాలు చెవుల దాకా ముడుచుకుని నవ్వింది. ఊదడం ఎంతమాత్రం ఆలస్యం కాకూడదు. ఒకసారి దగ్గు వచ్చి ఆలస్యమైతే, పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ మూడు రోజులు కాగితం ముట్టలేదు.

ఈ ఒక్క మాటకూ, ఈ ఒక్క నవ్వుకూ అయిదు నెలలు పట్టింది. వనపర్తిలో ఇలా మాట రాని పిల్లలను నెలకోసారి చూసే సంధ్య మేడం కాగితం మీద రాసిచ్చింది: ఎదురుగా ఒకరు, వెనక ఒకరు, రోజూ ఒకే వేళకు, ఒకే చోట. వెనకున్నవాళ్ళు చెయ్యి పట్టి చూపించాలి, మాట్లాడకూడదు. ఎదురున్నవాళ్ళు పిల్ల చేసిన వెంటనే మెచ్చుకోవాలి. ఆట వస్తువులు ఏవి కొనాలని అడిగితే, కొనొద్దు, మీ ఇంట్లో రోజూ చేతికి తగిలేవే తీసుకోండి అంది. వీళ్ళ చేతికి రోజూ తగిలేవి, విత్తనం కోసం వేసే సీడు పత్తి చేనులో వాడే కాగితాలే. నాలుగున్నర నెలలు రేణుక పిల్ల మణికట్టు పట్టుకుని ఎర్రదాని మీద పెట్టించింది. పది రోజుల కింద, పట్టుకున్న చెయ్యి వదిలేసి చూసింది. పిల్ల చెయ్యి తనంతట తానే వెళ్ళింది. రేణుక ఆ పూట అన్నం తినలేదు, ఏడుస్తూనే ఉంది.

ఆ రేకు డబ్బాకు వేరే కథ ఉంది. నిరంజన్ అనే ఆయన ఫోనులో వీడియోలు పెడతాడు. మూడు డబ్బాల పొడి, రెండు సీసాల చేపనూనె గోలీలు వాడితే పిల్లలు గలగలా మాట్లాడతారని చెప్తాడు. కర్నూలు నుంచి బస్సు పార్శిల్లో తెప్పించారు. సంధ్య మేడానికి చెబితే, దాన్ని నమ్ముకుని ఆట మానొద్దు అంది. ఏ పుట్టలో ఏ పాముందో అని వీళ్ళు రెండూ చేశారు. గోధుమలు, పాలు మానెయ్యాలని కూడా నిరంజన్ చెప్పాడు. మానెయ్యాలంటే ముందు ఇంట్లో ఉండాలి కదా. జొన్నరొట్టెలో పొడి కలిపి పెడితే అఖిల వాసన చూసి అవతలికి తోసేది. ఆ రొట్టెలన్నీ వీధి కుక్క తిన్నది. దాని తెలివి ఏమైనా పెరిగిందేమో తిమ్మప్పకు తెలియదు గానీ, అది వాళ్ళ గడప మాత్రం వదలడం లేదు. పొడి అయిపోయాక డబ్బా అఖిలకు ప్రాణమైంది. ఎక్కడికి వెళ్ళినా చంకలో ఉండాల్సిందే.

తిమ్మప్పకు ముప్పై నాలుగేళ్ళు. సన్నటి మనిషి. ఎండకు మాడిన మెడ, కొద్దిగా ముందుకు వంగిన వీపు. కుడిచేతి బొటనవేలికి మాత్రం గోరు పొడుగ్గా, చాకు మొనలా ఉంటుంది. గద్వాల చుట్టుపక్కల సీడు పత్తిలో బతికేవాళ్ళ చేతిని చూస్తే చాలు, పని చెప్పేయవచ్చు. సాయంత్రం ఆడచెట్ల మీద రేపు విచ్చబోయే మొగ్గలు వెతికి, ఆ గోటితో లోపలి పుప్పొడి భాగం గిల్లేసి, తేనెటీగలు వాలకుండా మొగ్గకు ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున మగచెట్ల పూలు కోసుకొచ్చి, ఎర్ర కాగితం తీసి, పూవు పుప్పొడి రుద్ది, పని అయిన గుర్తుగా తెల్ల కాగితం తొడగాలి. తిమ్మప్ప తొమ్మిదేళ్ళప్పుడు బడి మాన్పించి అతన్ని ఇందులో దించారు. పిల్లలైతే చెట్టు ఎత్తుకు సరిపోతారని అప్పట్లో అనేవాళ్ళు. ఒక మొగ్గ వదిలేస్తే మేస్త్రీ వేళ్ళ మీద కట్టెతో కొట్టేవాడు. మధ్యలో పూనాలో రెండేళ్ళు ఇటుకలు మోశాడు. తిరిగి వచ్చి మళ్ళీ ఈ మొగ్గల్లోనే పడ్డాడు. జీవితంలో అతను పెద్దగా ఎవరి మీదా అరిచింది లేదు. అరిచింది ఒక్కసారే. నిరుడు అయిజలో పెళ్ళి బంతిలో కూర్చున్నప్పుడు, సొంత అక్క మొగుడు అఖిలను చూసి "ఈ పిచ్చిపిల్లను ఎందుకు తెస్తిరి?" అన్నాడు. తిమ్మప్ప విస్తరి ముందు నుంచి లేచి, "నా బిడ్డ పిచ్చిది కాదు, దానికన్నీ తెలుసు," అని బంతి మొత్తానికి వినబడేలా అరిచి, పెళ్ళాంతో, బిడ్డతో ఎండలో బస్టాండు దాకా నడిచి వచ్చాడు. రేణుక ఆ రోజు నుంచి మొగుణ్ణి కాస్త వేరేగా చూస్తోంది.

రోజూ పిల్లను చూసే పక్కింటి మణెమ్మ, ఆ రోజు మనవడి పుట్టువెంట్రుకలకని శ్రీరంగాపూర్ వెళ్ళింది. ఇంక దారి లేక అఖిలను చేనుకు తీసుకువెళ్ళారు. చేను దేవరాజుది. గట్టు మీద విత్తనాల కంపెనీ వాళ్ళు పాతిన బోర్డు ఉంది: ఈ పొలంలో పిల్లలతో పని చేయించబడదు. తిమ్మప్ప కూడబలుక్కుని దాన్ని చదవగలడు. తన చిన్నప్పుడు ఆ బోర్డు ఎక్కడికి పోయిందోనని ఎప్పుడైనా అనుకుంటాడు.

"మోటరు రూము నీడకు కూసోబెట్టున్రి. బయటికి రానియ్యొద్దు," అన్నాడు దేవరాజు. చెడ్డవాడేం కాదు.

అఖిలను డబ్బాతో సహా నీడలో కూర్చోబెట్టి, ఇద్దరూ అవతలి మూలకు మగపూలు కోయడానికి వెళ్ళారు. బుట్టలతో తిరిగి వచ్చేసరికి మొదటి నాలుగు సాళ్ళు బోడిగా ఉన్నాయి. ఒక్క ఎర్ర కాగితం లేదు. నిన్న పని అయిన మొగ్గల మీద తెల్ల కాగితాలు మాత్రం పెట్టినవి పెట్టినట్టు ఉన్నాయి. అయిదో సాలులోంచి చిన్న గొంతు వినబడుతోంది.

"ఎర్ర... ఎర్ర..."

అఖిల ఒక్కో చెట్టు దగ్గర ఆగి, ఆకు పక్కకు తీసి, మొగ్గ నలగకుండా కాగితం ఊడదీసి, డబ్బాలో వేస్తోంది. తెల్లది కనబడితే ముట్టకుండా దాటుతోంది. పాతికేళ్ళ అనుభవం ఉన్న తిమ్మప్ప సాలు మొత్తం వెతికినా వదిలేసింది ఒక్కటి కనబడలేదు. జరిగిన నష్టం అతనికి తెలుసు. అయినా ముందు గుండెల్లో ఉప్పొంగింది గర్వమే. రేణుక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో అంత సంతోషంగా వాళ్ళు ఎన్నిసార్లు చూసుకున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అప్పుడే గట్టు మీద మోటారు సైకిలు ఆగింది. మెళ్ళో కంపెనీ కార్డు వేసుకున్న చెకింగు సారు దిగీ దిగగానే ఫోను తీసి, సాలులో నిలబడ్డ అఖిలను ఫోటో కొట్టాడు.

"ఎవరి పిల్ల ఇది? పిల్లలతోని పని చేపిస్తున్నరా?"

దేవరాజు పరుగెత్తుకొచ్చాడు. "లేదు సార్, ఊకె వచ్చింది. వాళ్ళ అమ్మానాయిన ఈడనే ఉన్నరు."

"ఊకె వస్తే డబ్బ నిండ ఎర్ర కాయితాలేంది?" సారు సాళ్ళ వెంట నడిచి చూశాడు. "ఇంత సాఫ్‌గ తీసిందంటే అలవాటున్న చెయ్యే ఇది. తెల్లది ఒక్కటి ముట్టలె. ఎవరు నేర్పిచ్చిన్రు?"

అఖిలను ఇంతవరకు పనిమంతురాలని మెచ్చుకున్న పరాయి మనిషి అతనొక్కడే.

"నేర్పిచ్చినం సారూ, అది ఆట," అనబోయి తిమ్మప్ప ఆగాడు. నేర్పామంటే పని నేర్పినట్టే. సంధ్య మేడం, అయిదు నెలలు, అరచేతిలో ఊదడం, ఇవన్నీ ఈ గట్టు మీద ఎవరికి చెప్పాలి, ఎవరు వింటారు? దేవరాజు అతని భుజం పట్టుకుని చెవిలో అన్నాడు.

"కంపెనోళ్ళు నా సీడు ప్లాటు తీసేస్తరు తిమ్మప్పా. నువ్వు గూడ పోతవ్. దానికి ఏం తెల్వదని చెప్పరాదు జర!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తిమ్మప్ప నోరు జారలేదు. ఆలోచించుకునే అన్నాడు.

"పిచ్చిది సారూ. మా పిల్ల పిచ్చిది. దానికేం తెల్వదు."

సారు మొహంలో కాఠిన్యం కొంచెం తగ్గింది. ఫోను అతని వైపు తిప్పాడు. "గదే మాట ఇండ్ల చెప్పు. నీ పేరు, పిల్ల పేరు చెప్పి చెప్పు. మాకు రికార్డు ఉండాలె."

తిమ్మప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. "నా పేరు తిమ్మప్ప. ఈమె నా బిడ్డ అఖిల..."

తన పేరు విన్నదో, సాలు ముగిసిందో, అఖిల చెట్ల మధ్య నుంచి వచ్చింది. కాగితం ఒకటి తండ్రి ముందు డబ్బాలో వేసింది. అరచెయ్యి చాపింది.

"ఎర్ర," అంది.

"...పిచ్చిది. దానికి ఏం తెల్వదు. ఏది ఎర్రదో, ఏది తెల్లదో గూడ తెల్వదు."

చాపిన చెయ్యి అలాగే ఉంది. ఫోను ఇంకా అతని మొహం మీదే ఉంది. తిమ్మప్ప ఊదలేదు. పిల్ల కాసేపు చూసింది, ఈసారి చెవి పక్కకు కాదు, నేరుగా అతని నోటి వంకే చూసింది. తర్వాత చెయ్యి మూసుకుని, డబ్బా అక్కడే వదిలేసి, మోటరు రూము వైపు నడిచిపోయింది.

చెకింగు సారు ఫోనులోంచి ఫోటో చెరిపేసి, ఇంకోసారి పిల్లను తేవద్దని చెప్పి వెళ్ళిపోయాడు. తేనెటీగలు వాలిన మొగ్గలు విత్తనానికి పనికిరావని, ఆ సాళ్ళలో నిన్న గిల్లినవన్నీ తెంపి పారెయ్యమన్నాడు దేవరాజు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పైగా "పెద్ద గండం తప్పిచ్చినవ్," అన్నాడు.

రేణుక బుట్ట దింపి వచ్చి మొగుడి ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

"గీ మాటకే గదా అయిజల ఇస్తరి ముందలికెల్లి లేస్తివి. ఇయ్యాల నేను యాడికెల్లి లెవ్వాలె?"

"పని పోతుండె రేణుకా."

"పోలె గదా. చేస్కో."

నాగర్‌కర్నూలు అవతల అమ్రాబాద్‌లో ఆమె తల్లి ఎస్తేరమ్మ ఒక్కతే ఉంటుంది. రేణుక ఇంటికి వెళ్ళి, అక్కడికి పోవడానికి రెండు జతల బట్టలు సంచిలో కుక్కింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి, ఇల్లు వదిలి వెళ్ళడానికి ఎవరినీ చెయ్యి చాపి అడగాల్సిన పని లేదు. ఆధార్ కార్డు ఉంటే చాలు. మధ్యాహ్నం తిమ్మప్ప వెనకాలే రోడ్డు దాకా వెళ్ళాడు. వద్దని అనలేదు. ఏ మొహంతో అంటాడు?

"వనపర్తి మేడం కాడికి పోవాలె గదా, వచ్చే నెల," అన్నాడు బస్సు కనబడ్డాక.

"ఎదురుంగ ఒకరు కూసోవాల్నన్నది మేడం. ఎవరు కూసుంటరు?"

"నేను వస్త. దసరాకొస్త."

ఆమె పిల్లను ఎక్కించి తానూ బస్సెక్కింది. కిటికీ పక్కన అఖిల, రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని, అద్దానికున్న రబ్బరు పట్టీని చూస్తోంది. తిమ్మప్ప కిటికీలోంచి చెయ్యి పెట్టి "ఏదీ బిడ్డా, చెయ్యి," అన్నాడు. పిల్ల పిడికిలి విప్పలేదు. మూసిన పిడికిలి మీదే ఊదుదామని వంగేలోపు కండక్టరు రైట్ అన్నాడు. బస్సు వనపర్తి వైపు వెళ్ళిపోయింది.

అతను తిరిగి చేనుకే వెళ్ళాడు. బోడి సాళ్ళలో మొగ్గలు తెంపి పారేశాడు. ఎండ తగ్గాక మిగతావాళ్ళతో పాటు మొగ్గలు గిల్లుతూ ఎర్ర కాగితాలు తొడిగాడు. చేసే చెయ్యి ఆగలేదు. పాతికేళ్ళుగా చేస్తున్న పని, దానికి మనసుతో అవసరం లేదు. ఎవరో పిల్ల ఏదని అడిగితే, ఊరికి పోయిందన్నాడు.

పొద్దు గూకే వేళకు వెళ్ళబోతూ గట్టు మీద డబ్బాను చూశాడు. ఇది లేకుండా అఖిల ఇంతవరకు గడప దాటలేదు. పిల్ల దాన్ని మరిచిపోలేదు, వద్దనుకుని వదిలేసింది. ఇంటికి తెచ్చి, ఉదయం కూర్చున్న చోటనే బండల మీద కూర్చుని మూత తీశాడు. కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి చదునుగా సర్ది ఉన్నాయి. పొద్దున సారు ఫోను ముందు చెప్పిన మాటకు ఒక్క ఆధారమైనా దొరుకుతుందేమోనని, అన్నీ బయటికి తీసి గడప వెలుతురులో ఒక్కొక్కటే తిప్పి చూశాడు. వీధి కుక్క వచ్చి డబ్బాను వాసన చూసి పక్కనే పడుకుంది.

డబ్బాలో ఒక్క తెల్ల కాగితం కూడా లేదు.