చీటీలక్క పంపని పేరు

లాండ్రీ కౌంటరు వెనక పద్నాలుగేళ్ళు కూర్చున్నాక మనుషుల ముఖాలు గుర్తుండవు, బట్టలే గుర్తుంటాయి. ఆమెకు వచ్చేపోయేవాళ్ళందరూ నీలం కోటు, పసుపు మరక, గుండీలు తెగినాయన, ఇలాగే తెలుసు. ఆమె మాత్రం వాళ్ళకు చీటీలక్క. వచ్చిన ప్రతి బట్టకూ నంబరూ పేరూ రాసి, చీటీ కాలరుకు గుచ్చడం ఆమె పని. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి చెల్లెలి కూతురు ఒక్కతే మిగిలింది. ఆ పిల్లయినా పెద్దమ్మా అనే పిలిచేది కాబట్టి ఆ లెక్కా సరిపోలేదు.

ఆ పిల్ల చదువుకుంటూ మూడేళ్ళు ఆమె గదిలో ఉండి, ఉద్యోగం రాగానే వేరే ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పెద్దమ్మ ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచి పెట్టింది. ఎలాగూ దారినపోయేవాళ్ళందరికీ పేర్లు పెడుతుంటావు, ఇక్కడ పెడితే కాస్త కాలక్షేపం అవుతుందని నవ్వింది. ఖాతాకు చీటీలక్క అని తనే రాసేసింది.

విషయం చిన్నదే. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు మాకో పేరు కావాలని పోటీ పెడతారు. ఎక్కడెక్కడివాళ్ళో పేర్లు పంపుతారు. నచ్చినదానికి బహుమతి. ఇంత చిన్న విషయానికి ఎన్ని రూళ్ళు పెట్టారో చూస్తే, ఆ రాసినవాడికి ఇంట్లో మాట చెల్లదేమో అనిపిస్తుంది. మనిషికి రోజుకు అయిదు పేర్లే. పేరు ఇంగ్లీషులో రాస్తే పదిహేను అక్షరాలు దాటకూడదు. ఆ పేరుతో వెబ్ అడ్రసు ఖాళీగా ఉండాలి. పంపిన పేరు వెనక్కి తీసుకోకూడదు. ఇద్దరు ఒకటే పంపితే ముందు పంపినవాళ్ళదే. ఫలానా పేరు పంపమని పోటీ పెట్టినవాళ్ళు ఎవరికీ చెప్పకూడదు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే ఖాతా గల్లంతు. అన్నిటికన్నా చివర్న, విజేతను ప్రకటించిన నిమిషం నుంచి ఆ పోటీలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటానికి వీల్లేదు.

ఇన్ని పాటించినా ఒరిగేదేమిటంటే ఏమీ లేదు. మొదటి పదకొండు పోటీల్లో ఆమె రెండొందల పేర్లు పంపింది. ఒకాయన ప్రతి పేరు కిందా ఇంకా కొత్తగా ఉండాలని రాసి, చివరికి తన బావమరిది పేరు ఖాయం చేసుకున్నాడు. కాఫీపొడి కంపెనీవాళ్ళు నాలుగొందల పేర్లు తెప్పించుకుని, ఏదీ నచ్చలేదని పోటీ మూసేశారు. ఒక పెంపుడు జంతువుల షాపాయన ఆమె పేరుకు నాలుగు నక్షత్రాలిచ్చాడు. ఆ సంబరం ఒక పూటే. రాకెట్ అనే ఖాతావాడు దానికి ముందు స్మార్ట్ అని తగిలించి పంపి గెలుచుకుపోయాడు. పంపిన పేర్లు అందరికీ కనిపిస్తాయి మరి. వాడు సొంతంగా ఒక్కటీ ఆలోచించడు, పక్కవాళ్ళవి చదువుతూ కూర్చుంటాడు. ఆమెకు ఒళ్ళు మండింది కానీ ఎవరితో చెప్పుకుంటుంది? లాండ్రీలో ఉండేది ఇస్త్రీ ఆయన ఒక్కడే. ఆవిరి మిషన్ మోతలో ఆయనకు సగం చెవుడు వచ్చేసింది.

పన్నెండో పోటీ పెట్టినామె ఖాతా పేరు సూదిదారం. చిరిగిన బట్టలు బాగుచేసే షాపు పెడుతున్నానని, కొత్తవి కుట్టనని, దానికి పేరు కావాలని రాసింది. చీటీలక్క మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిన్నాక అతుకుల ఇల్లు అని పంపింది. పేరు కింద, ఎందుకు పెట్టారో చెప్పడానికి చిన్న పెట్టె ఉంటుంది. కౌంటరు దగ్గర చిరుగులు చూసీ చూసీ తోచిందని అందులో రాసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"చీటీలక్కా, పేరు బాగుంది కానీ ఇల్లంటే అద్దెకిస్తారనుకుంటారేమో. మీరు చూసిన చిరుగుల గురించి ఇంకా చెప్పండి."

ఆమెను ఇంకా చెప్పమని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. ఆ సాయంత్రం తన గది మెట్లు ఎక్కుతూనే ఏం రాయాలో కూర్చుకుంది. మర్నాటి నుంచి అయిదు పేర్లూ అయిదు కబుర్లూ. జేబులు మాత్రమే చిరిగేవాళ్ళ గురించి, మోచేతులు అరిగేవాళ్ళ గురించి రాసేది. సూదిదారం ఒక్కటీ వదలకుండా జవాబిచ్చేది. తన కుట్టుమిషన్ పెడలు కీచుమంటోందని, షాపుకు కిటికీ ఒక్కటేనని చెప్పేది. వారం తిరిగేసరికి ఆమె ఆరింటికల్లా కౌంటరు సర్ది, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. పోటీ గెలవాలన్న సంగతే మరిచిపోయింది.

ఒకరోజు నీలం కోటు సంగతి రాసింది. ఆ పెద్దాయన ప్రతి చలికాలం అదే కోటు తెస్తాడు. అంచులు పీచులు పోయాయి, లోపలి గుడ్డ వేలాడుతోంది. కొత్తది కొనుక్కోమంటే కోటును ఒకసారి నిమిరి, ఇంకొన్నాళ్ళు వస్తుందిలే అంటాడు. ఆయనే కాదు, పాత బట్ట తెచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట అంటారని రాసి పంపింది.

పంపి ఇంటికి నడుస్తుంటే దారిలో టక్కున ఆగిపోయింది. ఇంకొన్నాళ్ళు. బట్టలు బాగుచేసే షాపుకు అంతకన్నా పేరేముంటుంది? ఇంగ్లీషులో లెక్కపెడితే పది అక్షరాలే. అడ్రసు ఖాళీగా ఉంది. గదిలోకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా పేరు టైపు చేసింది. ఇది గెలుస్తుందని ఆమెకు కచ్చితంగా తెలుసు. పద్నాలుగేళ్ళు మనుషుల నోట విన్న మాట కదా.

గెలిస్తే పోటీ అయిపోతుంది. పోటీ అయిపోతే మాటలు బంద్. ఆ చివరి రూలు అప్పుడు గుర్తొచ్చింది. గది చుట్టూ చూసింది. చెల్లెలి కూతురి మంచం మీద మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి. టైపు చేసిన పేరు చెరిపేసింది.

ఆ తరవాత ఆమె కావాలనే తప్పుడు పేర్లు పంపింది. దారం దుకాణం, కుట్టు కుటీరం, సిగ్గు విడిచి న్యూ మోడల్ టైలర్స్. దానికి సూదిదారం ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగింది. చీటీలక్క పగలబడి నవ్వింది. ఆమె కౌంటరు దగ్గర నవ్వడం ఇస్త్రీ ఆయన అదే మొదటిసారి చూడటం, వచ్చి తొంగిచూసి పోయాడు. అలా ఎనిమిది రోజులు గడిచాయి.

గురువారం సాయంత్రం వచ్చిన జవాబులో నవ్వు లేదు. "అక్కా, బోర్డు రాసేవాడు రేపు మధ్యాహ్నం పన్నెండింటికల్లా పేరు చెప్పమన్నాడు. దొరక్కపోతే రిపేరు షాపు అని రాయించేస్తాను. నేను ఇంతకుమించి చెప్పకూడదు. మీరు రాసినవే ఒకసారి తిరగేసి చదవండి."

ఆమెకు అర్థం కాకపోవడమేమిటి? సూదిదారానికీ అదే మాట తగిలిందన్నమాట. సంతోషం వేసింది, వెనకే భయమూ వేసింది. పంపక తప్పదు. అవతల మనిషి బతుకుతెరువుకు బోర్డు కావాలి. కానీ గడువు రేపు పన్నెండు కదా. ఈ సాయంత్రం కాసేపు మాట్లాడుకుని, రేపు పంపొచ్చు. అందుకని తిరగేస్తానులే అని రాసి, మిషన్ పెడలు కీచుమనడం తగ్గిందా అని అడిగింది. నూనె వేశాను, తగ్గిందని సూదిదారం చెప్పింది.

శుక్రవారం పదకొండింటికి బట్టల రాక్ వెనక్కి వెళ్ళి, పేరు టైపు చేసి, కళ్ళు మూసుకుని నొక్కేసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ పేరు ఇంతకుముందే వచ్చింది, స్వీకరించలేము అని. పంపినవాడు రాకెట్. పంపింది గురువారం రాత్రి. ఆ పెట్టెల్లోని కబుర్లు కూడా అందరికీ కనిపిస్తాయన్న సంగతి ఆమె ఏనాడో మరిచిపోయింది. ఇద్దరే ఉన్న గదిలో మాట్లాడినట్టు మాట్లాడింది. తిరగేసి చదవమంటే వాడు శ్రద్ధగా తిరగేసి చదివాడు.

 ఆ మాట నాదేనని, నిజానికి ముందే తట్టిందని రాయబోయింది. రాస్తే ఇన్నాళ్ళూ దాచినట్టు తెలిసిపోతుంది. దాచింది ఎందుకో చెప్పాలి. ఒక వాక్యం రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. ఈలోగా ఒకావిడ కిటికీ తెర గుడ్డలు తెచ్చి కౌంటరు మీద పడేసింది. పన్నెండు గుడ్డలకూ చీటీలు రాసి, గుచ్చి, రసీదు ఇచ్చి వచ్చేసరికి పన్నెండు దాటింది.

పోటీ ముగిసింది. విజేత రాకెట్, షాపు పేరు ఇంకొన్నాళ్ళు. దాని కింద సూదిదారం చివరి మాట ఉంది.

"చీటీలక్కా, ఆ పేరు మీ మాటల్లోదే. మీ చేతి మీదుగా వస్తుందని ఇన్ని రోజులూ ఎదురుచూశాను. ఇంకెవరిదో చేసి రాయించుకోవడం నాకూ బాధగానే ఉంది. ఎందుకు పంపలేదో మాత్రం అర్థం కాలేదు. నా షాపు మీకు అంత నచ్చలేదా?"

కింద రాసుకునే పెట్టె లేదు. పేజీని కిందికీ పైకీ జరిపింది. మూసి మళ్ళీ తెరిచింది. ఆ ప్రశ్న అక్కడే ఉంది, జవాబు రాసే చోటు లేదు.

చాలాసేపటికి నీలం కోటాయన వచ్చాడు. కోటు ఇచ్చింది. ఆయన అంచు నిమిరి చూసుకుంటుంటే, ఈసారి బాగుచేసే షాపు ఉందని చెప్పబోయింది. ఏ ఊళ్ళో ఉందో, ఏ వీధిలో ఉందో ఆమెకు తెలియదు. ఆయన వెళ్ళిపోయాడు.

కట్టలోంచి ఒక చీటీ తీసింది. పైన, పేరు రాసే చోట, సూదిదారం అని రాసింది. కింద, నంబరు రాసే చోట ఇరికించి ఇరికించి రాసింది: పంపితే మనం మాట్లాడుకోవడం అయిపోతుందని పంపలేదు.

పిన్ను తీసింది. తరవాత ఆ చీటీని తన ఏప్రన్ లోపలివైపు గుచ్చుకుని, తెర గుడ్డలు లెక్కపెట్టి లోపలికి పంపింది.