తోళ్ళ తొట్టె వైద్యం

మా ఆయన మొండిఘటం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తోళ్ళ కర్మాగారంలో ఏళ్ళ తరబడి తొట్టెల దగ్గరే పని. పచ్చితోళ్ళను మెత్తబరచడానికి నీళ్ళలో ఎంజైము పొడి కలుపుతారు. ఎక్కువసేపు ఉంచితే తోలు చివికిపోతుంది. ఈయన బొటనవేలితో నొక్కి చూసి, చాలనుకోగానే ఉప్పూ యాసిడ్ కలిపిన తొట్టెలోకి మార్పించేవాడు. దాంతో ఆ పొడి ఆట కట్టు. ఆ పనిలో తనను మించినవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు.

అలాంటి మనిషికి ఒళ్ళంతా దురద, ఆపైన రేగుపళ్ళంత నీటిపొక్కులు. చొక్కా ఒంటికి అంటుకుపోతే లాగలేక నేను ఏడ్చేదాన్ని.

చర్మం డాక్టరమ్మ చిన్నముక్క తీసి పరీక్ష చేయించింది. "పైచర్మాన్ని లోపలి చర్మానికి పట్టి ఉంచే బంధం ఒకటుంటుంది. మీ ఒంటిని కాపాడాల్సిన కణాలే దాన్ని శత్రువనుకుంటున్నాయి. అవి వదిలే ఎంజైములు ఆ బంధాన్ని తెంపేస్తున్నాయి. ఆ సందులో నీరు చేరి పొక్కవుతోంది," అంది.

"కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాను.

ఈయన మాత్రం, "ఎంజైమంటే మా తొట్టెలో వేసేదేనామ్మా?" అని అడిగాడు.

"ఆ జాతిదే. కాకపోతే ఇది మీ ఒంట్లోనే తయారవుతోంది. నేనిచ్చే మాత్రలు మానకండి. నిదానంగా తగ్గుతుంది."

నిదానం ఈయనకెక్కడిది? కొన్నాళ్ళు మింగాడో లేదో, "ఎంజైముని ఆపడం నాకు తెలీదా? నాకు మాత్రలా?" అని గొణుగుడు మొదలుపెట్టాడు.

"అవి చచ్చిన తోళ్ళండీ! మీరు బతికున్న మనిషి!" అని అరిచాను.

"నీకేం తెలుసే, ఊరుకో," అన్నాడు.

మర్నాడు పనిలోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా రెండు చేతులూ భుజాల దాకా ఆ యాసిడ్ తొట్టెలో ముంచాడు. పగిలిన పొక్కుల్లోకి యాసిడ్ దిగింది. కేక విని తోటివాళ్ళు లాగి, నీళ్ళు గుమ్మరించి ఆస్పత్రికి తెచ్చారు. వారం తిరక్కుండానే పుళ్ళు చీము పట్టాయి. ఆ విషం రక్తంలోకి ఎక్కింది.

ఒకసారి కళ్ళు తెరిచి, "ఆగిందా?" అన్నాడు.

"ఆగిందండీ," అన్నాను. ఇంకేం చెప్పను? తెల్లారేసరికి పోయాడు.

ఒళ్ళు తుడవడానికి నర్సులు పక్కకు తిప్పారు. యాసిడ్ తగలని వీపు. పాత పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాయి. కొత్తది ఒక్కటీ లేదు. మాత్రలు పనిచేస్తూనే ఉన్నాయి.

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయారా!" అంటూ మానిన ఆ వీపు మీదే దబదబా బాది ఏడ్చాను.