నవ్వని పేరు

బుడ్డికి అసలు పేరంటూ ఒకటి లేకపోలేదు. కాలేజీ రిజిస్టర్లో ఉంది, బ్యాంకు వాళ్ళిచ్చిన మెడకార్డు మీదా ఉంది. కానీ ఏడో ఏట బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయని ఏడిస్తే, మేనమామ తన కళ్ళజోళ్ళ షాపులో ఎత్తుకుర్చీ మీద కూర్చోబెట్టి, అద్దం మీద అద్దం మార్చి చూసి, చివరికి ఇంత మందాన జోడు తగిలించి "ఇదిగో, మా సోడాబుడ్డి వచ్చేసింది!" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ బుడ్డే అయిపోయింది.

ఆ బుడ్డికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. ఈ వేసవిలో పది వారాలు ఒక పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్. బ్యాంకంటే మనం పాస్‌బుక్ పట్టుకుని వరసలో నిలబడే రకం కాదు లెండి. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనాలంటే మధ్యన నిలబడి బేరం కుదిర్చే రకం. పెళ్ళిళ్ళ పేరయ్య పనే, కాకపోతే పేరయ్య నలుగురికీ చెప్పుకుంటూ తిరుగుతాడు, వీళ్ళు లిఫ్టులో కూడా పెదవి విప్పరు. తొమ్మిది మంది ఇంటర్న్‌లలో ఇద్దరికే ఉద్యోగం. ఆ ఇద్దరిలో తనుండాలని బుడ్డి పొద్దస్తమానం పాటుపడుతోంది. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు, అమ్మ వేరే ఊళ్ళో స్కూల్లో డ్రాయింగు టీచరు. ఆఫీసుకి దగ్గరని వేసవికి మావయ్య ఇంట్లోనే మకాం. మావయ్యకి పెళ్ళీ పెటాకులూ లేవు, షాపు, పేపర్లో షేర్ల పేజీ, మేనకోడలు. అంతే ఆయన ప్రపంచం.

మొదటి రోజే ఒకావిడ వాళ్ళందరినీ కూర్చోబెట్టి భయపెట్టి పంపింది. రూల్స్ చూసే ఆవిడ కాబట్టి పిల్లలు రూల్సమ్మ అని పేరు పెట్టేశారు. గొంతు పెంచదు, కళ్ళు తిప్పదు.

"అమ్మబోయే కంపెనీ షేరు, ఆ సంగతి బయటపడగానే పైకి లేస్తుంది. ముందే తెలిసినవాళ్ళు కొనుక్కుంటే అది దొంగతనం కిందే లెక్క. మీరిక్కడ విన్నది మీ అమ్మకి చెప్పినా నేరమే. పోయినేడు ఇక్కడే ఒకబ్బాయి రూమ్మేటుకి ఒక్క ముక్క చెప్పాడు. ఇద్దరూ ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఆ అబ్బాయికి ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు."

తర్వాత ఫారాలిచ్చింది. తల్లి పేరు, తండ్రి పేరు, వేసవిలో ఉండే ఇల్లు ఎవరిది. బుడ్డి గుండ్రటి అక్షరాలతో అన్నీ నింపింది.

బుడ్డిని వేసిన పనికి 'పిచ్చుక' అని మారుపేరు. ఏ కంపెనీని అమ్ముతున్నారో కాగితాల మీద ఎక్కడా ఉండదు, అంతటా పిచ్చుకే. రెండు వారాలు పేజీల నంబర్లు సరిచూసింది, అడుగున ఉండే చిన్నక్షరాల్లో తప్పులు ఏరింది, కాపీలు లెక్కపెట్టి బైండింగు చేయించింది. మూడో వారంలో ఒక బుధవారం ఫ్యాక్టరీ ఫోటోలు అతికిస్తుంటే ఒక ఫోటోలో గోడ మీద సగం కోసేసిన బోర్డు కనిపించింది. నీళ్ళ పంపులు చేసే కంపెనీ. ఓహో ఇదా అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు పాపం.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర మావయ్య ఎప్పటిలాగే పేపరు విప్పాడు. అది వాళ్ళిద్దరి మధ్యా రోజూ నడిచే ఆటే.

"ఏమే బుడ్డీ, ఇవాళ ఎవరికి పెళ్ళి చేస్తున్నారే మీవాళ్ళు? సిమెంటు వాళ్ళకా?"

"పో మావయ్యా!" అని నవ్వింది.

"బిస్కెట్ల వాళ్ళకి? వాళ్ళకి ఎవరు పిల్లనిస్తారులే. చెప్పుల కంపెనీకి?"

మళ్ళీ నవ్వింది.

"పోనీ, పంపుల వాళ్ళకి?"

బుడ్డి రొట్టెకి వెన్న రాసుకుంది. అంతే చేసింది. ఒక్క అర క్షణం. ఆ తర్వాత ఆయన "టైర్లు?" అంటే అవసరానికి మించి నవ్వింది కూడా.

మావయ్య పేజీ తిప్పేశాడు. కానీ ఆయన ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని ఏమిటనుకున్నారు? ఇది బాగుందా, అది బాగుందా అని అద్దాలు మారుస్తూ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం. వాళ్ళు నోరు తెరవకముందే ఏ అద్దం సరిపోయిందో ఆయనకి తెలిసిపోతుంది.

ఆఫీసుకి వెళ్తుంటే దారిలో బుడ్డికి గుండె గుభేల్మంది. నవ్వలేదు కదూ? పంపులనేసరికి నేను నవ్వలేదు! ఆ రోజు నుంచి ఆ పిల్లకి తిండి సయించలేదు. ఎవరు వెనక నుంచి పిలిచినా ఉలిక్కిపడేది. రూల్సమ్మ ఎదురైతే పక్క దారి పట్టేది. వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు ఆవిడ గది దాకా వెళ్ళింది. ఏమని చెప్పాలి? మా మావయ్య పేపరు చదివాడు, నేను నవ్వలేదండీ అనా? పిచ్చిదనుకుంటారు, ఇంటికి పంపేస్తారు. రెండుసార్లూ మంచినీళ్ళు తాగి సీటుకి తిరిగొచ్చింది. అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! కానీ భయం ఎప్పుడు మంచి సలహా ఇచ్చింది కనక?

అయిదో వారం సోమవారం బేరం బయటికొచ్చింది. పంపుల షేరు పొద్దున్నే మూడో వంతు పైకి లేచింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు, పిచ్చుక బొమ్మ వేసిన కేకు కోశారు. బుడ్డి తన ముక్క పక్కవాళ్ళకిచ్చేసింది. సాయంత్రం తిన్నగా షాపుకే వెళ్ళింది.

"మావయ్యా, నిజం చెప్పు. ఆ పంపుల షేర్లు కొన్నావా?"

ఆయన ఎవరిదో కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తున్నాడు. చిన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, బుడ్డి నెత్తి మీద చెయ్యి వేశాడు.

"నీ మీద ఒట్టే. నా పేరు మీద ఆ షేరు ఒక్కటంటే ఒక్కటుంటే అడుగు. ఏంటే ఆ మొహం, దెయ్యాన్ని చూసినట్టు? పద, ఐస్‌క్రీమ్ తిందాం."

బుడ్డి ప్రాణం లేచొచ్చింది. రెండు ఐస్‌క్రీములు తింది. పదకొండు రోజుల తర్వాత ఆ రోజే కంటినిండా నిద్రపోయింది.

తొమ్మిదో వారం గురువారం, మధ్యాహ్నం రెండింటికి, రూల్సమ్మ స్వయంగా వచ్చి పిచ్చుక మీద పనిచేసినవాళ్ళందరి బల్లల మీదా మూడేసి కాగితాలు పెట్టింది. బేరం బయటపడక ముందు ఆ షేర్లు కొన్నవాళ్ళలో అనుమానం ఉన్న పేర్లట, ఊళ్ళతో సహా. షేరు మార్కెట్టు వాళ్ళే పంపారట. ప్రతి పేరు పక్కనా రెండు గళ్ళు: తెలుసు, తెలియదు. చివర సంతకం.

"అయిదింటికల్లా నా గదికి తెచ్చివ్వండి. ఈలోపు దీని గురించి ఎవరితోనూ మాట్లాడకండి. ఫోన్లో కూడా."

పక్క సీటు సీనియరు చిప్స్ నములుతూ రెండు నిమిషాల్లో అన్నిటికీ 'తెలియదు' కొట్టేసి సంతకం గీకాడు. ఆయనకిది మామూలే. బుడ్డి మాత్రం కాగితం మీద వేలు పెట్టి ఒక్కో పేరూ దిగుతూ మావయ్య పేరు కోసం వెతికింది. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో, అక్షరక్రమంలో ఆయన ఇంటిపేరు రావలసిన చోట, లేదు. పైనొకసారి, కిందొకసారి చూసింది. లేదు! హమ్మయ్య, మావయ్య ఒట్టు నిజమే. పిచ్చిమొహాన్ని, దేవుడిలాంటి మనిషిని అనుమానించానే అని తనని తనే తిట్టుకుంది. పెన్ను తీసి చకచకా 'తెలియదు' కొట్టుకుంటూ పోయింది.

మూడో పేజీలో పదకొండో పేరు అమ్మది.

పేరూ అమ్మదే, ఇంటిపేరూ అమ్మదే, ఊరూ అమ్మ డ్రాయింగు చెప్పే ఊరే. బుడ్డి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అమ్మకి షేరంటే ఏంటో కూడా తెలియదు. జీతంలో మిగిలింది తమ్ముడికి పంపి, "నువ్వే ఏదో ఒకటి చెయ్యరా" అంటుంది. పదేళ్ళ నుంచి ఆ అకౌంటు నడిపేది మావయ్యే, పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే. నా పేరు మీద లేదన్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు.

మూడున్నర, నాలుగు, నాలుగుంబావు. డ్రాయరులో ఉన్న ఫోను వంక చూసింది, తియ్యలేదు. 'తెలియదు' కొట్టేస్తే? ఫారంలో అమ్మ పేరు తన చేత్తోనే రాసిచ్చింది, ఎవరైనా తీసి పక్కన పెట్టి చూస్తే చాలు. సరే, చూడరే అనుకుందాం. అయినా ఈవిడెవరో నాకు తెలియదు అని, కన్నతల్లి పేరు పక్కన, ఎలా సంతకం పెడుతుంది? పెన్ను ఆ గడి మీద ఆనించి చూసింది కూడా. చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. చివరికి 'తెలుసు' అన్న గడిలో గీత పెట్టి, మనసు మారకముందే లేచి వెళ్ళింది. మావయ్య మాట మాత్రం ఎత్తకూడదు, చచ్చినా ఎత్తకూడదు అనుకుంటూ వెళ్ళింది.

రూల్సమ్మ మూడు పేజీలూ తిరగేసి ఆ గీత దగ్గర ఆగింది. పక్కనే బుడ్డి నింపిన ఫారం అప్పటికే విప్పి ఉంది. అది చూసేసరికి బుడ్డికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మంచి పని చేశావమ్మా, నిజం పెట్టావు. పెట్టకపోతే వేరేలా మాట్లాడేదాన్ని. అమ్మకి నువ్వేమైనా చెప్పావా?"

"లేదండీ. ఒట్టండీ. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదండీ."

"నమ్ముతాను. ఆవిడ తన షేర్లు తనే కొంటారా?"

బుడ్డి కళ్ళజోడు సర్దుకుంది.

"నాన్నగారు చూస్తారా?"

"లేదండీ."

"నువ్వు?"

"లేదండీ."

రూల్సమ్మ ఫారం మీదకి వంగింది. వేసవిలో ఉండే ఇల్లు అన్న చోట ఆవిడ వేలు ఆగింది. ఏం అడగబోతోందో బుడ్డికి తెలిసిపోయింది. ఈసారి తప్పు చెయ్యకూడదు. ఈసారి తయారుగా ఉండాలి.

"అమ్మగారి తమ్ముడా?"

బుడ్డి నవ్వింది. అబ్బే, మావయ్యా, ఆయనకెక్కడ తీరికండీ అన్నట్టు గట్టిగా, గాజు గోడలకి తగిలి తిరిగొచ్చేలా నవ్వింది.

రూల్సమ్మ నవ్వలేదు. పెన్ను మూత తీసింది.

"మిగతావాళ్ళ గురించి అడిగినప్పుడు నవ్వలేదు కదమ్మా."

గది చల్లగా ఉంది. రూల్సమ్మ ఫారంలో ఆ ఇల్లు రాసిన చోట గుండ్రంగా గీత చుట్టింది.

"ఆయన ఫోన్ నంబరు చెప్పు."

బుడ్డికి నోటికొచ్చిన నంబరు ఈ ప్రపంచంలో అదొక్కటే. ఏడో ఏట, ఎప్పుడైనా తప్పిపోతే దీనికి చెయ్యి అని, కళ్ళజోడు డబ్బా మూత లోపల మావయ్యే రాసిచ్చాడు. ఒక్కో అంకె చెప్పింది. రూల్సమ్మ రాసుకుని, సరిచూసుకోవడానికి మళ్ళీ చదివి వినిపించింది. బుడ్డి అవునని తలూపింది.